హాలంతా వినపడిన మా అత్త మాట

రొమ్ములో గడ్డ తగిలిందని మా అత్తకొక్కదానికే చెప్పింటి. ఈ పొద్దు ధర్మవరం నుంచి రైలెక్కి వచ్చి, నన్ను హిందూపురంలోనే ఒక లేడీ డాక్టరు దగ్గరికి పిలుచుకుపోయింది.

ఏం కష్టమని నర్సు అడిగితే నేను నసుగుతా ఉన్నా. అత్త మాత్రం, "మా కోడలికి రొమ్ములో గడ్డ ఉండాది. చెప్పేకి సిగ్గేముండాదమ్మా?" అనింది, హాలంతా వినపడేట్టు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

లోపల డాక్టరమ్మ రెండు పక్కలా, చంకల్లోనూ చేత్తో నొక్కి చూసింది. స్కానింగు చేసి, సన్న సూదితో గడ్డలోని నీళ్లు లాగేసింది. చీమ కుట్టినట్లుండింది, అంతే. ఉత్త నీటిబుడ్డేనంట, భయం లేదనింది.

బయటికొస్తే అత్త పక్కన లేపాక్షి నుంచి వచ్చిన ఒకామె కండ్లు తుడుచుకుంటా ఉంది. ఆమెకూ గడ్డేనంట. సిగ్గుపడి నర్సుకు కడుపునొప్పని చెప్పి కూర్చుందంట, అత్త మాట విన్నాక అత్తకు నిజం చెప్పిందంట.

"లోపల ఏం చేస్తారు పాపా?" అని నన్నడిగింది. జరిగిందంతా చెప్పినా.

"పా, నేనూ వస్తా" అని అత్త ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి పోయింది.

ఆమెకు ఇంకో పరీక్ష చేయాలని బెంగుళూరు పొమ్మన్నారు. రేపు తోడు పోయేది మా అత్తే. మీ ఇంట్లోనూ ఇంత పెద్ద గొంతు మనిషి ఉన్నారా? ఉంటే చెప్పండప్పా, మా అత్తకు వినిపిస్తా.