లేచి నిలబడిన ప్రెసిడెంటు

ఎనభై నాలుగు, కార్తీకమాసం. పంచాయతీ ఆఫీసులో తీర్మానం చదవబోతున్నాను. గుమ్మం దగ్గర మా బావగారి కిర్రుచెప్పుల చప్పుడు వినబడింది. ఆయన లోపల అడుగు పెట్టేసరికే నేను కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాను. నా పదవికి ప్రమాదం ఎక్కడుందో నాకు మొదటిసారి తెలిసింది ఆ క్షణంలోనే.

“ప్రెసిడెంటు గారు లేచారుగా! మీటింగ్ అయిపోయినట్టే, పదండి పదండి,” అన్నాడు ఉపసర్పంచ్ రంగారావు. మెంబర్లు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

పత్తి పండించే ఆ ఊరికి నేనే మొదటి ఆడ ప్రెసిడెంటుని. బి.ఏ. చదివాను. అయినా మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట కుర్చీలో కూర్చోదు. ఆ రోజు తీర్మానం ఆయనకు తగిలేదే. పత్తికి మందు కొట్టిన స్ప్రేయర్లను, అంటే వీపున తగిలించుకునే పంపులను, మంచినీళ్ళ చెరువులో కడగకూడదని. చెరువు పక్క చేను ఆయనదే. మెంబరు కాకపోయినా మీటింగులకు వచ్చేవారు. మెంబర్లలో ఎక్కువమంది చేతులెత్తితేనే అది తీర్మానం. అది లేనిదే నేనెవరినీ ఆపలేను.

అప్పటికే చెరువులో చేపలు చచ్చి తేలుతున్నాయి. బిందెలో మందు వాసన వస్తోందని మా పెద్దమ్మాయి ముక్కు మూసుకునేది. నీళ్ళు కాచి ఇచ్చేదాన్ని. కాస్తే మందు పోతుందా? నిద్రలో పిల్లలు దగ్గినా లేచి నుదురు తడిమి చూసేదాన్ని.

“పెద్దాడి ముందు కూచుంటావా ఏమిటే? నలుగురూ నవ్వరూ?” అంది అత్తయ్య.

“కూర్చోనులెండి అత్తయ్యా,” అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాకే దారి తోచింది.

తర్వాతి మీటింగులో కుర్చీ పక్కనే నిలబడ్డాను. “ఇవాళ నిలబడే నడుపుతాను. నేను కూర్చున్నప్పుడే మీటింగ్ అయిపోయినట్టు.”

“ఇదెక్కడి రూలండీ?” అన్నాడు రంగారావు.

“లేస్తే అయిపోతుందని మీరు చెప్పింది ఏ రూలండీ?”

“అడిగారుగా, చెప్పవయ్యా రంగారావూ!” అన్నాడు వార్డు మెంబరు మస్తాన్. అందరూ గొల్లుమన్నారు.

అంతలో బావగారు వచ్చారు. నేను ముందే నిలబడి ఉన్నాను, ఇక లేవడానికేమీ లేదు. తీర్మానం చదివాను. మస్తాన్ చెయ్యెత్తాడు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మిగతావాళ్ళూ ఎత్తారు. రంగారావు ఒక్కడే ఎత్తలేదు.

“మీటింగ్ అయిపోయింది,” అని, బావగారు చూస్తుండగానే కుర్చీలో కూర్చున్నాను. ఆయన కండువా దులుపుకుని వెళ్ళిపోయారు.

పదవిలోకి వచ్చినవాళ్ళు రూల్సు కంటే ముందు ఊరి అలవాట్లు చదువుకోవాలని నాకు తెలిసింది అక్కడే. ఆ రాత్రి మాత్రం కునుకు పట్టలేదు. మా ఇల్లూ బావగారి ఇల్లూ ఒకే ప్రహరీలో ఉన్నాయి.

పొద్దున పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పాను: “పెదనాన్నగారు ఎదురైతే లేచి నిలబడండి, ఆయన పలకరించకపోయినా సరే. చెరువు నీళ్ళు మాత్రం నేను చెప్పేదాకా తాగొద్దు. ఆయనే గ్లాసందిస్తే, లేచి నిలబడే వద్దనండి.”