పిస్టన్ కింది అంచు

ఏళ్ళ తరబడి ఒక మాట గొంతులో ఇరుక్కుని ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. ఇవాళ చెప్పేస్తున్నాను. ఎప్పుడెప్పుడు కక్కేద్దామా అని ఆత్రంగా ఉంది. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. అదీ మంచిదే.

తార్నాక పక్కన యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నేనూ, నా స్నేహితురాలు స్వరూపా కలిసి ప్రాజెక్టు కోసం ఒక పాత కారు ఇంజన్ విప్పి మళ్ళీ కట్టాం. అబ్బ, ఏం రోజులవి! జుట్టు నిండా గ్రీజు, గోళ్ళలో మసి, మెస్‌లో అన్నం అయిపోయినా పట్టేది కాదు. స్వరూప ట్రాక్టర్ల మధ్య పెరిగిన పిల్ల. శబ్దం విని జబ్బు చెప్పేది. ఇంజన్లు తప్ప ఇంకో బతుకు వద్దనేది. నేనేమో పరిగెత్తి పాలు తాగే రకం.

సిలిండర్‌కీ దానిలో పైకీ కిందికీ ఆడే పిస్టన్‌కీ మధ్య వెంట్రుక కూడా పట్టనంత సందు వదలాలి. పిస్టన్ కొలిచి, సిలిండర్లని ఆ సైజుకి తొలిచే బోరింగ్ షాపువాళ్ళకి చెప్పడం నా పని. పిస్టన్ పైనుంచి కిందికి ఒకేలా ఉండదు, కింది అంచు దగ్గర రవ్వంత వెడల్పు. కొలవాల్సింది అక్కడ. తొందరలో నేను పైన కొలిచాను. సిలిండర్లు ఆ లెక్కకే, ఉండాల్సినదానికన్నా ఇరుకుగా తయారై వచ్చాయి.

బిగించాక స్వరూప ఇంజన్‌ని చేత్తో తిప్పి చూసి ఆగింది.

“మస్తు టైట్ ఉన్నదే. మళ్ల ఒకసారి కొలుద్దామా?”

“కొత్తగా కట్టింది టైట్‌గానే ఉంటుందే. నడిస్తే అదే ఫ్రీ అవుతుంది.”

“సరే, నువ్వు కొలిసినవు కదా.”

నడిస్తే ఫ్రీ అవుతుందన్నది మెకానిక్‌లందరూ అనే మాటే. నా నోట విని నమ్మింది.

స్టార్ట్ చేశాం. ఒక్క దెబ్బకి అందుకుంది! ఎగిరి గంతులేశాం, వాటేసుకున్నాం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది, అందుకు సిగ్గుపడుతున్నాను కూడా. వేడెక్కేసరికి పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ని పట్టేసింది. ఇంజన్ కీచుమని ఆగిపోయింది.

విప్పితే పిస్టన్ నిండా గీతలు. నూనె లేకుండా నడిపినా అలాంటి గీతలే పడతాయి. బిగించేటప్పుడు సిలిండర్లకి నూనె ఎవరు రాశారని మా ప్రాజెక్టు చూసే సార్ అడిగారు. ఆ పని స్వరూపది. రాశానంది. సార్ నమ్మలేదు, తనని మళ్ళీ వర్క్‌షాప్‌లో అడుగు పెట్టనివ్వలేదు. అందరూ వెళ్ళాక నేను విడి పిస్టన్ ఒకటి తీసి కింది అంచు దగ్గర కొలిచాను. తప్పు నాదేనని తెలిసిపోయింది. సార్ గది పక్కనే ఉంది. ఎందుకు వెళ్ళలేదు? భయమా? భయమైతే కొన్నాళ్ళకి తగ్గేదిగా? ఇంజన్ బాగుచేసి, ఆ ప్రాజెక్టు నాదిగా చూపించి ఉద్యోగం కొడదామనుకున్నాను. కొట్టాను.

స్వరూప ఇప్పుడు తార్నాకలో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతోంది. మొన్న మెట్రో స్టేషన్ కింద కలిసింది. పక్కనున్న విద్యార్థినులకి నన్ను చూపించి నవ్వింది.

“ఈమె ఇంజన్ల ఇంజనీర్. నేను గూడ గదే అయ్యేదాన్ని. నూనె రాసుడు మర్చిపోయి ఇంజన్ ఖరాబ్ చేసిన.”

ఇన్నేళ్ళలో తనే నమ్మేసింది! నేనేం చేశాననుకున్నారు? నేనూ నవ్వాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్క ముక్క రాయనివ్వండి చాలు. స్వరూప నూనె రాసింది. ప్రతి సిలిండర్‌కీ వేలితో రాసింది. నేను పక్కనే నిలబడి చూశాను.

హమ్మయ్య. రాసేశాను.