చుక్కపూస పొట్టేలు

మణెమ్మ నోరు పెద్దదని గరిడేపల్లి గొల్లవాడంతా ఒప్పుకుంటుంది. మొగుడు పోయాక మందను ఒంటిచేత్తో సాకిన మనిషికి నోరు కాక ఇంకేం పెరుగుతుంది?

ఆ వాడలో ఒక కట్టుబాటు ఉండేది. మంద ముందు నడిచే పొట్టేలును దేవుని పేర విడిచి, మెడలో నల్ల ఉన్నితాడుతో చుక్కపూస కట్టేవారు. అయిదు రెక్కల రాతిపూస అది, నడుమ సన్నటి బెజ్జం. తాతల నాడు పూసలమ్మేవాళ్లు దక్షిణ దేశం నుంచి తెచ్చారట. ఆ పొట్టేలు జోలికి దొర కూడా పోడు. మిగతా జీవాలను మాత్రం పండగకొకటి, పబ్బానికొకటి వెట్టి కింద తోలించుకునేవాడు. ఇదేం న్యాయమని అడిగినవాళ్లు లేరు.

నలభై ఏడు ఎండాకాలంలో, రాళ్లను పరీక్షించే సర్కారు అధికారి ఒకాయన దొర గడీలో దిగాడు. బావి దగ్గర మణెమ్మ పొట్టేలు మెడలో పూస చూసి మురిసిపోయాడు. కోట్ల ఏళ్ల కింద సముద్రం అడుగున పువ్వులా కాడ మీద నిలబడి బతికిన జీవి ఇది, సముద్రపు కలువంటారు, ఆ కాడలో ముక్కే ఇట్లా రాయయింది, ఈ జాతి ఎప్పుడో అంతరించిందని చెప్పి తన దారిన పోయాడు. దొర గుమాస్తా గౌరయ్య పక్కనే నిలబడి అంతా విన్నాడు.

మర్నాడే ఇద్దరు జీతగాళ్లను వెంటేసుకుని వచ్చాడు.

"మణెమ్మా, ఇగ నీ దేవుడు ఖతం. అది సచ్చిన పురుగు బొమికెనట, పెద్దసారే సెప్పిండు. దొరింట్ల దావతుంది, పొట్టేలును ఇడువు."

వాడంతా తల దించుకుంది. తోడికోడలు యాదమ్మ కొంగు లాగింది. "ఇచ్చెయ్యక్కా, ఇల్లు కాలవెడ్తరు."

మణెమ్మకు భయం వేయలేదంటే అబద్ధం. అట్లా భయపడ్డందుకే ఒళ్లు మండింది. ఈ పొట్టేలు పుట్టిననాడు వానకు తడిసి చావబోతుంటే గొంగడిలో పెట్టుకుని బతికించింది ఎవరు? దేవుడా, దొరా?

తన చేత్తోనే పూసతాడు తెంపింది. గెలిచాననుకుని గౌరయ్య నవ్వాడు.

"దేవునిది కాదంటివి గద, గౌరయ్యా." అయ్యా అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "గట్లయితె ఇది నాది. మందంతా నాదే. ఇన్నొద్దులు దేవునిదొక్కటి దాసుకొని, నావన్నీ మీకిచ్చిన. ఇగ ఒక్క గొర్రెపిల్లను గూడ ఇయ్య."

జీతగాళ్లు ముందుకు రాబోతే కర్ర అడ్డం పెట్టింది. యాదమ్మ కొంగు వదిలేసి తన కర్ర తెచ్చుకుంది.

"నావి గూడ ఇయ్య," అంది.

ఒక్కొక్క గుడిసె నుంచి ఒక్కొక్క కర్ర బయటికొచ్చింది. ఆ రోజు దొరింటి దావతు పప్పుచారుతో అయింది.