గట్టు మీద గుర్రపుడెక్క

నా చిన్నప్పుడు ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థంకాక, రెండోసారి అలవాటైపోయి. మూడోసారి కూడా చదివేవాణ్ణే గానీ, మా నాన్నగారు పాలకొల్లు బజారులోని మా కిరాణా కొట్లో కూర్చోబెట్టేశారు. కాబట్టి నా చదువులో ఇప్పటికీ గుర్తున్నదల్లా ఒక్క వేసవి క్యాంపే.

అప్పట్లో ఎండాకాలం నీళ్లాపి కాలువలు కట్టేసినప్పుడు మా డ్రిల్లు మాస్టారు పిల్లల్ని పోగేసి ఏదో ఒక ఊరికి శ్రమదానానికి తీసుకెళ్లేవారు. ఆ ఏడు సముద్రం వైపున్న శివారు ఊరొకదానికి వెళ్లాం. పడక బడి వరండాలో, వంట ఎదురింటి మామ్మగారి పొయ్యి మీద. ఊరికంతటికీ ఒకటే మంచినీళ్ల చెరువు. దాన్ని నింపే పిల్లకాలువ నిండా నీళ్లమీద తేలే కలుపు, గుర్రపుడెక్క. వయసులో ఉన్నవాళ్లంతా పైఊళ్లకి పనులకి పోయారు, పీకే దిక్కులేదు. కిందటేడు అది అడ్డుపడి నీళ్లు చెరువుదాకా రాలేదట. మామ్మగారు బిందె పట్టుకుని పొరుగూరు నడిచి తెచ్చుకున్నారట. ఈ ఏడూ అంతేనా అన్నదే ఆవిడ దిగులు.

మేం మోకాలి లోతు బురదలో దిగి, జలగల్ని ఒకరి మీద ఒకరం విసురుకుంటూ పీకాం. పీకినదాన్ని గట్టు అంచునే కుప్పలేశాం. దూరం మొయ్యడానికి ఒళ్లు వంగలేదు.

"ఎండకి అదే చచ్చిపోద్దండి మాస్టారూ, మళ్లీ మనం చంపడమెందుకు పాపం" అన్నాను నేను. అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వి, కుప్పలోంచి బాగా వాడిపోయిన మొక్కొకటి తీసి, మేం మొహాలు కడుక్కునే నీళ్ల గాబులో పడేశారు. క్యాంపు ముగిసేముందు ఒక పొద్దున్న అందర్నీ గాబు చుట్టూ నిలబెట్టారు. చచ్చిందనుకున్న మొక్క పచ్చటి ఆకు వేసి హాయిగా తేలుతోంది.

"ఏరా, దీనికి దినం కూడా పెట్టేశావుగా. భోజనాలెప్పుడు?" అన్నారు నాతో.

ఆ రోజంతా కుప్పల్ని మళ్లీ ఎత్తుకుని రోడ్డవతల బీడులో, కాలువ నీళ్లు తగలనంత దూరాన పరిచాం. నడుములు పడిపోయాయి. మర్నాడు కాలువలకి నీళ్లు వదిలారు. ముందు నురుగు, వెనకాల మట్టినీళ్లు. అవి చెరువులోకి దూకుతుంటే మామ్మగారు పసుపూ కుంకుమా వేసి దణ్ణం పెట్టారు. తడిచెయ్యి నా నెత్తిమీద పెట్టి, "పైయేడు కూడా రండి బాబూ, ఇది ఏటా పెరిగేదే" అన్నారు.

"మీరు వద్దన్నా వస్తామండి" అన్నాను.

పైయేటికి నేను కొట్లో పప్పు పొట్లాలు కడుతున్నాను. మాస్టారికి బదిలీ అయింది. తరవాత క్యాంపు బడి మైదానానికి మారిపోయింది. గుడారాలు, కవాతు, చివర్లో ఫోటో. ఇప్పుడైతే మా మనవడి క్యాంపు ఏసీ హాల్లో, టోపీ కూడా వాళ్లే ఇస్తారు. వాడు పదిమందిలో తడబడకుండా మాట్లాడటం నేర్చుకొచ్చాడు, కాదనను. కానీ వాడి క్యాంపు కోసం ఎదురుచూసే ఊరంటూ ఎక్కడా లేదు.

పెళ్లయిన కొత్తలో ఏదో పనిమీద ఒకసారి ఆ ఊరు వెళ్లాను. కాలువ కనపడలేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా గుర్రపుడెక్క, దాని మీద ఊదాపూలు. చెరువు అడుగు పగుళ్లిచ్చింది. మామ్మగారు ఇంకా వంగిపోయి, చంకన బిందెతో పొరుగూరు నుంచి వస్తున్నారు. నన్ను గుర్తుపట్టారు. నాకొచ్చిన విద్య వేళాకోళం ఒక్కటే కాబట్టి అదే వాడాను.

"ఏంటి మామ్మగారూ, కాలువలో పూలతోట వేశారు?"

ఇన్నేళ్లయినా, బస్సు ఏ కాలువ గట్టెక్కినా, ఆ ఊదాపూలు కనబడగానే మొహం అటు తిప్పుకుంటాను. ఆ రోజు ఆవిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు. బిందె దించకుండానే అన్నారు:

"మళ్లీ వస్తామన్నారుగా బాబూ. మీ కోసమే పెంచుతున్నాం."