ఉప్పుకి నాలుక, మూతకి నెత్తి

ప్రాస మాస్టారు నోరు విప్పితే ప్రాసే. ఆకలేస్తే "బువ్వ లేని బతుకు గవ్వ" అనేవాడు. "మీ ప్రాసతో నాకు ఆయాసం" అని భార్య విసుక్కుంటే, అదీ ప్రాసే కదా అని మురిసిపోయేవాడు. అలాంటి మనిషికి బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడిలో ఉద్యోగం. ప్రాస ఉంటే మాట బుర్రకి అతుక్కుంటుందని ఆయన మొండి నమ్మకం.

ఆ బడిలో పిడుగు అని ఒక పిల్ల. పూసలు గుచ్చమంటే ఒళ్ళు మంట, బడి క్యాంటీన్లో పని చెయ్యాలని పట్టు. పెద్ద మేడం ఒక్కటే షరతు పెట్టింది: చెప్పిన మూడు వస్తువులూ తప్పకుండా తేవాలి, లేదంటే మళ్ళీ పూసలే. పిడుగు ఒక్క వస్తువైతే పరిగెత్తి తెస్తుంది. రెండోది చెవిన పడగానే మొదటిది జారిపోతుంది. మూడోది విన్నాక తలుపు దగ్గర నిలబడి, ఎందుకొచ్చానా అని తలుపునే అడుగుతుంది.

మాస్టారు రంగంలోకి దిగాడు. "ఉప్పు, కప్పు, సబ్బు! ఎంత కమ్మగా ఉందో చూడమ్మా!"

పిడుగు వల్లించుకుంటూ వెళ్ళి కప్పు తెచ్చింది. అందులో ఒక చెప్పు. వెనకాలే పెద్ద మేడం ఒంటికాలి చెప్పుతో కుంటుతూ వచ్చింది.

"నా చెప్పేదండీ మాస్టారూ?"

"కప్పులో ఉంది మేడం."

"సంతోషం. రేపు నేనే పరీక్ష పెడతా. ఉప్పు, మూత, తువ్వాలు. తప్పితే పూసలే."

మాస్టారికి అప్పుడు తలకెక్కింది. మాటలు బుర్రకి అతుక్కోలేదు, ఒకదానికొకటి అతుక్కున్నాయి! ప్రాస మింగేసుకుని, గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు మొహం పెట్టి అడిగాడు.

"ఉప్పు ఎక్కడ తెలుస్తుందే?"

"నాలిక్కి."

"అయితే బయట పెట్టు. మూత ఎక్కడుంటుంది?"

"గిన్నె నెత్తిన."

"నెత్తిమీద చెయ్యి పెట్టు. తువ్వాలు?"

పిడుగు అడక్కుండానే రెండో చెయ్యి భుజాన వేసుకుంది.

మర్నాడు అదే అవతారంతో వసారాలో నడిచింది. ఎదురొచ్చిన ఆయమ్మ, "ఏమైందే తల్లీ, పక్షవాతమా?" అని గుండె బాదుకుంది. నాలుక బయటుంటే జవాబెలా చెబుతుంది? చెప్పలేదు కాబట్టే ఏదీ మర్చిపోలేదు. వంటగదిలో ఉప్పు డబ్బా కనిపించింది. నెత్తిమీది చెయ్యి దించి అందుకుంది, నాలుక మాత్రం దాచలేదు. డబ్బా చంకలో ఇరికించి, చెయ్యి మళ్ళీ నెత్తికి తగిలించి మూత పట్టుకుంది, భుజం తడుముకుని తువ్వాలు మెడలో వేసుకుంది.

తిరిగొచ్చి పెద్ద మేడం ఎదుట నిలబడింది, నాలుక గడ్డం దాకా వేలాడేసుకుని.

"నన్నే వెక్కిరిస్తోందా ఇది?"

"లేదు మేడం," అన్నాడు మాస్టారు చెమట తుడుచుకుంటూ, "ఉప్పు మోస్తోంది."

మేడం డబ్బా తీసుకుంది, మూత తీసుకుంది, తువ్వాలు లాగింది. నవ్వు ఆపుకోలేక అదే తువ్వాలుతో మొహం కప్పుకుంది.

"సరే. రేపట్నుంచి క్యాంటీన్లోనే. ఇంక నాలుక లోపల పెట్టుకోవే!"

పిడుగు నాలుక లోపలికి లాక్కుని, ఒక గుటక వేసి, ఉద్యోగంలో మొట్టమొదటి మాట మాట్లాడింది.

"మంచినీళ్ళివ్వండి మేడం. ఎండిపోయింది."