ఖాసిం ఇంటి నీలి పిట్టలు

ఆదివారం, ఇల్లందు. ఉన్నవారు: తాపీమేస్త్రీ ఖాసిం, అతని భార్య, నేను. ఖాసిం తల్లి పోయిన నలభయ్యో రోజు ప్రార్థన, ఫాతిహా.

రోజూ డైరీ రాసేవాణ్ణి కాబట్టి పేర్లు వేసుకున్నాను. రాయవలసిన మాట మాత్రం ఇరవై ఏళ్ళుగా రాయలేదు. మోయడం అలవాటైందనుకున్నాను. కాలేదు.

నాకు పాత ఇంగ్లిష్ టైల్స్ పిచ్చి. విక్టోరియా రాణి కాలంలో కుంచెతో ఒక్కొక్కటిగా బొమ్మ వేసి కాల్చిన పింగాణీ పలకలు. ఎక్కడ పాత బంగళా కూలగొడుతున్నారన్నా బస్సెక్కేవాణ్ణి. గని దొరల బంగళా ఒకటి పడగొట్టినప్పుడు ఖాసిం తండ్రి నాలుగు పలకలు తెచ్చి తన ముందుగది గోడకు పొదిగాడు. ఒక్కోదాని మీద ఒక నీలి పిట్ట. రెక్క చివర కుంచె గీత కూడా కనిపించేది. ఆయన పోయాక ఖాసిం తల్లి నమాజు వేళ వాటి మీద దుపట్టా కప్పేది, అయ్యాక తీసేది. ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. "ఆయన చెయ్యి పడ్డ గోడ సారూ. నా పానం పోయినంక అడుగు" అని నవ్వేది.

ఇరవై ఏళ్ళ కిందట ఖాసిం కూతురు జ్వరంతో పాల్వంచ దవాఖానాలో పడింది. పరామర్శకు వెళ్ళాను. పరామర్శకేనా? ఖాసింను వరండాలోకి పిలిచాను.

"బొమ్మలున్న ఇంట్లకు ఫరిష్తాలు రారంటరు గదా. దుపట్టా కప్పితే సరిపోతదా?"

"మౌల్వీసాబ్ గూడ గిట్లనే అన్నడు సార్. అమ్మీ ఇనలే. ఇప్పుడు మీరు గూడ అంటున్రు."

బొమ్మలుంటే దేవదూతలు రారన్న నమ్మకం నాకు లేదు. అతనికి ఉందని తెలుసు.

ఆ సాయంత్రమే అతను ఇంటికెళ్ళి పలకలు ఊడదీయడానికి ఉలి పట్టాడు. ఒకటి పగిలింది. ఆ ముక్కల్ని తల్లి దుపట్టా కొంగులోకి ఏరుకుంది. మిగిలిన మూడూ నాకే ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు.

పిల్ల కోలుకుంది. దాంతో నేను చెప్పింది ఆ ఇంట్లో నిజమైపోయింది. కోడలు అత్తను ఎత్తిపొడిచేది. ఆ తల్లి నేను కనిపించినప్పుడల్లా అడిగేది: "నా మొండితనమే పిల్లకు తగిలింది గదా, సారూ?" కాదని ఒక్క మాట చాలు. కాదంటే పలకలు తిరిగివ్వాలి. ఆమె ఇచ్చిన చాయ్ తాగి వచ్చేవాణ్ణి. ఆమె ఆ మాట నమ్ముకునే పోయింది. ఇంకెవరికి చెప్పి ఏం లాభం?

అయినా ఫాతిహా భోజనాలయ్యాక ఖాసింకు అంతా చెప్పాను. అతను లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున మూడు పలకలూ గుడ్డలో చుట్టుకుని వెళ్ళాను. ఆ ముందుగది ఎప్పుడో పోయింది, అక్కడిప్పుడు స్లాబు ఇల్లు. ఖాసిం గుడ్డ విప్పాడు. పిట్టల మీద దుమ్మును బొటనవేలితో తుడిచాడు.

"ఇవి ఏ గోడకు పెట్టాల్నో అది గూడ నువ్వే చెప్పు."

ఇన్నేళ్ళలో అతను నన్ను నువ్వు అనడం అదే మొదలు. నా దగ్గర ఇక పలకలు లేవు. దాచుకున్నదీ లేదు. నాకు మిగిలిన తేలిక అంతే.