ఆళ్లగడ్డలో నేను ఖాళీ చేసిన ఫోల్డర్

ఇన్నేళ్లూ దీన్ని మోస్తూ కుంగిపోయానని అనుకోకండి. బాగానే తిన్నాను, బాగానే నిద్రపోయాను. కానీ ఆళ్లగడ్డ బస్సు ఎదురైతే ఇప్పటికీ తల తిప్పుకుంటాను. బరువంటే అంతే.

మాది నంద్యాలలో కిరాణా కుటుంబం. ఎవరేం చెప్పినా సగానికి తెగ్గొట్టడం నాకు చిన్నప్పుడే అబ్బిన విద్య. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో కంప్యూటర్ల పనిలో పడ్డాక మాన్యువళ్లతోనూ బేరమాడేవాణ్ణి. పది మెట్లు రాసి ఉంటే, వీడు ఎక్కువ చెబుతున్నాడు, ఆరు చాలు అనుకునేవాణ్ణి.

ఆళ్లగడ్డలో ఒక షుగర్ డాక్టరు దగ్గర లినక్స్ సర్వర్ ఉండేది. అందులో రోగుల రికార్డులుండే డేటాబేస్‌కు కొత్త వెర్షన్ ఎక్కించాలి. పాతదానితోనే డేటా మొత్తం ముందు వేరే ఫైలుగా తీసి దాచుకోవాలన్నది మొదటి మెట్టు. బేరంలో ఆ మెట్టు కొట్టేశాను. ఎక్కించాక చూస్తే కొత్త వెర్షన్ పాత ఫైళ్లను చదవనంది. అవి ఉన్న ఫోల్డర్ ఖాళీగా ఉంటేనే మొదలవుతానంది. బ్యాకప్ సీడీ ఉందిలే అని ఖాళీ చేశాను. సీడీ తెరిస్తే మొదటి నెల రికార్డులే ఉన్నాయి. అది రాసింది నేనే. తరవాత ఎప్పుడూ తిరగేసి చూడలేదు.

మిగతా రెండేళ్లవీ ఆపరేటర్ షంషాద్ కూర్చుని టైపు చేసినవి.

"ఏందప్పా, యాడికి పోయినాయి అన్నీ?" అన్నాడు డాక్టరు.

"పని నడుస్తాంటే ఎవురో స్విచ్చి ఆపినట్టుండారు సార్," అన్నాను.

స్విచ్ పక్కన కూర్చునేది షంషాదే.

"నేను ముట్టలేదన్నా! నువ్వు చూస్తానే ఉండావు గదా. చెప్పన్నా సార్‌కు."

"చున్నీ తగిలిందేమో చూసుకోమ్మా," అన్నాను.

"రేపట్నుంచి రావాకు," అన్నాడు డాక్టరు, ఆమెతో.

ఎందుకన్నాను ఆ మాట? నిజం చెబితే ఆయన నన్ను తిట్టేవాడు. అంతకు మించి ఏమీ చేసేవాడు కాదు. ఆ తిట్టు తప్పించుకోవడానికి ఒక మనిషి ఉద్యోగాన్ని ముందుకు తోసి, లాభమే అనుకుని నంద్యాల బస్సెక్కాను. పాత పరీక్షల లెక్కలు పోయాయని, దొర్నిపాడు నుంచి వచ్చే ముసలివాళ్లకు మళ్లీ రక్తం తీశారట. షంషాద్‌కు మాత్రం మళ్లీ కంప్యూటర్ పని దొరకలేదు. ఆ ఊళ్లో అడగదగ్గ చోట్లు ఇంకో రెండే, రెండింటికీ ఆ స్విచ్ మాట ఆమెకంటే ముందే చేరింది.

ఇక్కడ ఆమె పేరు మార్చాను. ఆమె కోసమా, నా కోసమా? నా కోసమే అయ్యుంటుంది.

స్విచ్ ఎవరూ ఆపలేదు. ఆ రోజు కరెంటు కూడా పోలేదు. రికార్డులు తుడిచేసింది నేను. ఈ మాట ఇంతవరకు ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనలేదు. ఇప్పుడు రాశాను.